ఆస్పత్రి రికార్డులు సాఫ్ట్ కాపీలో అడిగే హక్కు మనకు ఉందా? ఎలా అడిగితే ఇస్తారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీ అమ్మగారికి బైపాస్ ఆపరేషన్ అయి నాలుగు నెలలైంది. ఆయాసం పూర్తిగా తగ్గలేదని వేరే ఊళ్లో ఇంకో డాక్టరుకు చూపిద్దామనుకుంటున్నారు. ఆపరేషన్ చేసిన ప్రైవేటు ఆస్పత్రి మీకు డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే ఇచ్చింది. కేస్ షీట్ (ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ రోజువారీ చికిత్స వివరాలు రాసే ఫైలు) అడిగితే "అది మా ఇంటర్నల్ రికార్డు" అన్నారు. యాంజియోగ్రామ్ సీడీ అడిగితే "సిస్టంలో లేదు" అన్నారు. కనీసం మెయిల్ చేయమంటే "అలాంటి పాలసీ లేదు" అన్నారు. అసలు మీకు హక్కు ఉందా, సాఫ్ట్ కాపీ ఇవ్వాల్సిందేనా అని అడిగారు.

హక్కు ఉంది. అమ్మగారు రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో కాపీలు ఇవ్వాలి. సాఫ్ట్ కాపీ సంగతి మాత్రం కొంచెం విడమర్చి చెప్పాలి. "మెయిల్‌లోనే పంపాలి" అని మన దేశంలో ఏ నియమంలోనూ స్పష్టంగా రాసి లేదు. కానీ కంప్యూటర్లో పుట్టిన రికార్డును ఫైలుగానే ఇవ్వమని అడగడానికి మీకు గట్టి ఆధారాలున్నాయి. యాంజియోగ్రామ్ లాంటివైతే ఫైలుగా తప్ప ఇంకోలా తీసుకుని ప్రయోజనమే లేదు.

నేను 19 ఏళ్లు రెండు ప్రైవేటు ఆస్పత్రుల మెడికల్ రికార్డ్స్ విభాగంలో పనిచేశాను. ఆస్పత్రుల్లో దాన్ని ఎంఆర్‌డీ అంటారు. మీలాంటివాళ్లు కౌంటరుకు వచ్చి అడిగితే రాక్‌లోంచి ఫైలు తీసే వైపు ఉన్నదాన్ని. అందుకే చట్టంతో పాటు లోపల ఏం జరుగుతుందో కూడా చెప్తాను.

ముందు ఆ 72 గంటల సంగతి. అది 2002లో వచ్చిన భారత వైద్య మండలి వృత్తి నియమావళిలో ఉంది. ఇన్‌పేషెంట్ల రికార్డులు చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు దాచాలి. రోగి గానీ, రోగి అధికారం ఇచ్చిన మనిషి గానీ అడిగితే, అడిగినట్టు రసీదు ఇచ్చి 72 గంటల్లో కాపీలు ఇవ్వాలి. ఇవ్వకపోతే అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని అదే నియమావళి ఇంకోచోట చెబుతుంది. 2023 ఆగస్టులో దీని స్థానంలో కొత్త నియమాలు వచ్చాయి గానీ అదే నెలలో వాటిని పక్కన పెట్టారు. కాబట్టి ఇప్పటికీ 2002వే అమల్లో ఉన్నాయి.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఆ నియమావళి డాక్టర్లకు వర్తిస్తుంది, ఆస్పత్రి యాజమాన్యానికి కాదు. అందుకని మీ లెటర్‌ను మెడికల్ సూపరింటెండెంట్ పేరుతో పాటు ఆపరేషన్ చేసిన సర్జన్ పేరు మీద కూడా రాయండి. సూపరింటెండెంట్‌కు మాత్రమే రాసిన ఉత్తరం మా దగ్గర టేబుల్ మీద వారం రోజులు పడి ఉండటం చూశాను. సర్జన్ పేరు ఉన్నదైతే ఆ సాయంత్రమే ఆయన సెక్రటరీ ఫోన్ చేసేది. డాక్టరుగా రిజిస్ట్రేషన్ సర్జన్‌దే కదా, ఆ జాగ్రత్త ఆయనకు ఉంటుంది.

"ఇంటర్నల్ రికార్డు" అన్న మాటకు చట్టంలో బలం లేదు. రోగికి, బంధువులకు రికార్డు ఇవ్వకుండా రహస్యం పేరు చెప్పడం కుదరదని బాంబే హైకోర్టు 1996లోనే తేల్చింది. కేంద్ర సమాచార కమిషనర్‌గా మాడభూషి శ్రీధర్ గారు 2014లో ఇచ్చిన ఆదేశంలో, తన వైద్య రికార్డు పొందడం రోగి హక్కు అనీ, దానికి రాజ్యాంగంలోనే ఆధారం ఉందనీ చెప్పారు. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారు చేసిన రోగుల హక్కుల పత్రంలోనూ ఇదే ఉంది. ఆస్పత్రిలో ఉండగా అయితే 24 గంటల్లో, డిశ్చార్జ్ తర్వాత 72 గంటల్లో ఇవ్వాలని, జిరాక్స్ ఖర్చు రోగి పెట్టుకోవాలని అందులో రాశారు. కాబట్టి కాపీలకు డబ్బు అడిగితే వాదించకండి. పేజీకి ఇంత అని రసీదు తీసుకోండి.

ఇక సాఫ్ట్ కాపీ. కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డు ప్రమాణాలు ప్రకటించింది. రికార్డులోని ఆరోగ్య సమాచారం రోగిదేననీ, ఆస్పత్రి దాన్ని రోగి తరఫున భద్రంగా ఉంచేదేననీ వాటిలో ఉంది. స్కాన్ బొమ్మలకు వాడాల్సిన ఫార్మాట్ డైకామ్ అని కూడా ఉంది. ఇవి ప్రమాణాలే, తప్పితే శిక్ష వేసే చట్టం కాదు. క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టాన్ని అమలు చేసుకున్న రాష్ట్రాల్లో, ప్రతి రోగికీ ఎలక్ట్రానిక్ రికార్డు నిర్వహించి ఇవ్వడాన్ని రిజిస్ట్రేషన్ షరతుగా పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌కు మాత్రం 2002 నాటి సొంత చట్టం ఉంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి గానీ, హక్కుల భాగానికి 18 నెలల గడువు పెట్టారు. పైగా ఆ చట్టం ఇచ్చేది మీ డేటా సారాంశం అడిగే హక్కు. కేస్ షీట్ కాపీకి అది బదులు కాదు. మీ పనికి 72 గంటల నియమమే ఆధారం, దాన్నే పట్టుకోండి.

"రికార్డులన్నీ ఇవ్వండి" అని మాత్రం అడగకండి. అలా రాస్తే కౌంటరులో ఉన్న అబ్బాయి డిశ్చార్జ్ సమ్మరీకి ఇంకో ప్రింట్ తీసి చేతిలో పెడతాడు. అతని తప్పు కూడా కాదు, "అన్నీ" అంటే ఏమేమిటో అతనికి ఎవరూ చెప్పలేదు. పేరు పెట్టి అడిగినదే బయటికొస్తుంది. అమ్మగారి విషయంలో ఇవి రాయండి: ఆపరేషన్‌కు ముందు తీసిన యాంజియోగ్రామ్ వీడియో డైకామ్ ఫార్మాట్లో, దాని రిపోర్టు, ఆపరేషన్‌కు ముందూ తర్వాతా తీసిన ఎకో రిపోర్టులు, ఆపరేషన్ నోట్స్, అనస్థీషియా రికార్డు, ఐసీయూ చార్టులు, మందుల చార్టు, నర్సుల నోట్స్, రక్తపరీక్షల రిపోర్టులన్నీ పీడీఎఫ్‌లో.

వీటిలో ఆపరేషన్ నోట్స్ విషయంలో అసలు రాజీపడకండి. ఏ రక్తనాళాన్ని ఎక్కణ్ణుంచి తీసి ఎక్కడ కలిపారో ఉండేది అందులోనే. సమ్మరీలో "మూడు గ్రాఫ్టులు వేశాం" అని ఒక్క ముక్క ఉంటుంది. రేపు అమ్మగారికి మళ్లీ యాంజియోగ్రామ్ చేయాల్సి వస్తే, ఆ డాక్టరుకు గ్రాఫ్టులు ఎక్కడున్నాయో ముందే తెలియాలి. తెలియకపోతే వెతుక్కుంటూ ఎక్కువసేపు, ఎక్కువ డై (రక్తనాళాలు బొమ్మలో కనపడేలా ఎక్కించే మందు) వాడాల్సి వస్తుంది. కిడ్నీలు కొంచెం బలహీనంగా ఉన్నవాళ్లకు ఆ డై ఎంత ముప్పో మీకు తెలిసే ఉంటుంది.

"సిస్టంలో లేదు" అన్నారు కదా, దాని అర్థం లోపలివాళ్లకు వేరు. యాంజియోగ్రామ్ వీడియోలు చాలా జాగా తింటాయి. క్యాత్ ల్యాబ్ (యాంజియోగ్రామ్ తీసే గది) కంప్యూటర్లో కొన్ని వారాలో నెలలో ఉంచి, తర్వాత హార్డ్ డిస్క్‌లోకో సర్వర్‌లోకో మార్చేస్తారు. రిసెప్షన్‌లో ఉన్నవాళ్లు స్క్రీన్ మీద కనపడకపోతే "లేదు" అనేస్తారు. మీరు నేరుగా క్యాత్ ల్యాబ్ ఇన్‌ఛార్జినో టెక్నీషియన్‌నో కలిసి, ప్రొసీజర్ తేదీ, ఎంఆర్ నంబరు (ఆస్పత్రి రోగికి ఇచ్చే రికార్డు నంబరు) చెప్పి "ఆర్కైవ్ నుంచి తీసివ్వండి" అని అడగండి. ఆ ఒక్క మాట వింటే మీకు విషయం తెలుసని వాళ్లకు అర్థమవుతుంది. నిజంగానే పోయిందంటే, పోయిందని రాసి ఇవ్వమనండి. రాసిమ్మన్న తర్వాత దొరికిన సీడీలు నేను ఎన్నో చూశాను.

ఫార్మాట్ గురించి ఎందుకింత పట్టుబడుతున్నానో ఒక కేసు చెప్తాను. ఒకాయన తండ్రికి లివర్‌లో గడ్డ అనుమానం. సీటీ స్కాన్ ఫిల్ములు రెండు, పెద్ద తెల్ల కవరులో పెట్టి, మడత పడకుండా ఒళ్లో పెట్టుకుని బస్సులో తీసుకెళ్లాడు. పెద్ద డాక్టరు వాటిని లైట్ బాక్సు మీద పెట్టి ఒక నిమిషం చూసి, "వీటితో నేను ఏమీ చెప్పలేను, సీడీ తీసుకురండి" అని పంపేశారు. ఆ ఫిల్ము మీద ఉన్నవి అగ్గిపెట్టెంత గడులు, షీటుకు పాతిక ముప్పై. అసలు స్కాన్‌లో స్లైసులు వందల్లో ఉంటాయి. అందులోంచి ఎవరో టెక్నీషియన్ ఏరి ప్రింట్ వేసినవే ఫిల్ము మీద కనపడతాయి. ఆయన మా దగ్గరికి తిరిగొస్తే డైకామ్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చాం. అప్పుడు ఆ డాక్టరు తన కంప్యూటర్లో స్లైసులు ఒక్కొక్కటీ ముందుకీ వెనక్కీ జరుపుతూ, గడ్డ ఎంత ఉందో అక్కడికక్కడే కొలిచారట. ఫిల్మును ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే ఇంకా దారుణం, ఆ కొలతలేవీ ఉండవు. కాబట్టి రిపోర్టులు పీడీఎఫ్‌లో, స్కాన్ బొమ్మలు డైకామ్‌లో అని లెటర్‌లో విడివిడిగా రాయండి.

సీడీ చేతికొచ్చాక అక్కడే ఏదో ఒక కంప్యూటర్లో తెరిచి చూపించమనండి. పేరు, వయసు, తేదీ సరిచూసుకోండి. ఖాళీ సీడీలు, పక్క పేషెంటు సీడీలు ఇంటికెళ్లిపోయిన సందర్భాలు ఉన్నాయి. ఇంటికి రాగానే మొత్తం ఫోల్డర్‌ను అలాగే కంప్యూటర్లోకీ, ఇంకో పెన్‌డ్రైవ్‌లోకీ కాపీ చేయండి. లోపలి ఫైళ్లకు వింత పేర్లు ఉంటాయి, కొన్నింటికి పక్కన ఫార్మాట్ పేరు కూడా ఉండదు. పనికిరానివనుకుని ఏదీ తీసేయకండి. రిపోర్టుల లింకు మెసేజ్‌లో పంపితే ఆ రోజే డౌన్‌లోడ్ చేసుకోండి, ఆ లింకులు కొన్నాళ్లకు పనిచేయవు.

నర్సుల నోట్స్, మందుల చార్టు కూడా ఎందుకు అనిపించవచ్చు. దానికి మా ఇంట్లో జరిగినదే చెప్తాను. మా నాన్నగారికి ఒకసారి న్యుమోనియా వస్తే ఒక ఆస్పత్రిలో తొమ్మిది రోజులు ఉంచాం. ఒక ఇంజెక్షన్ మూడో డోసుకు ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి, మార్చేశారు. డిశ్చార్జ్ సమ్మరీలో ఆ ఊసే లేదు, చివరికి ఇచ్చిన మందు పేరు మాత్రమే ఉంది. రెండేళ్ల తర్వాత ఇంకో ఊళ్లో జ్వరంతో చేర్చితే, డ్యూటీ డాక్టరు "ఏదైనా పడదా?" అని అడిగింది. "ఒక ఇంజెక్షన్ పడలేదమ్మా, పేరు గుర్తులేదు" అని చెప్పాను. వాళ్లు జాగ్రత్తపడినా, మళ్లీ ఆ మందే పడింది. ఈసారి దద్దుర్లతో ఆగలేదు, ముఖం వాచి ఊపిరాడక ఐసీయూలో రెండు రాత్రులు గడిపాం. నాన్నగారు కోలుకున్నారు. తర్వాత మొదటి ఆస్పత్రి నుంచి కేస్ షీట్ కాపీ తెప్పించుకుని చూస్తే, మందుల చార్టు రెండో పేజీలో ఆ ఇంజెక్షన్ పేరు మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత, పక్కన "రాష్, స్టాప్" అని నర్సు చేతిరాత, కింద టైము. రెండు మాటలు. రోజూ అలాంటి పేజీలు వందలు చూసే నేను, మా నాన్నగారి పేజీ ఒక్కటి తెచ్చుకోలేదు. అప్పటి నుంచి అడిగిన ప్రతివాళ్లకూ ఆ చార్టు కాపీ తీసుకోమని చెప్తూనే ఉన్నాను.

అడిగే పద్ధతి గురించి. లెటర్ ఒక పేజీ దాటకూడదు. పేరు, ఎంఆర్ నంబరు, ఐపీ నంబరు (ఇన్‌పేషెంటుగా చేర్చుకున్నప్పుడు ఇచ్చేది), చేరిన తేదీ, డిశ్చార్జ్ తేదీ, పైన చెప్పిన జాబితా, "2002 వృత్తి నియమావళి ప్రకారం 72 గంటల్లో ఇప్పించగలరు" అన్న ఒక వాక్యం, అంతే. ఎంఆర్ నంబరు మర్చిపోకండి. పాత రాక్‌లలో ఫైళ్లు పేరును బట్టి కాదు, చాలాచోట్ల ఆ నంబరులోని చివరి రెండంకెలను బట్టి సర్ది ఉంటాయి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద "అందినది" అని ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయమంటే వెనకాడితే అదే లెటర్ ఆస్పత్రి మెయిల్‌కు పంపండి, స్పీడ్ పోస్టులో కూడా వేయండి. గడువు లెక్క అక్కణ్ణుంచి మొదలవుతుంది.

లెటర్ మీద సంతకం అమ్మగారిది ఉండాలి. మీరు కొడుకే అయినా, పెద్దవాళ్ల రికార్డు వాళ్ల అనుమతి లేకుండా మీకు ఇవ్వమని ఆస్పత్రి అనవచ్చు, అది న్యాయమే కూడా. "మా అబ్బాయికి ఇవ్వండి, ఈ మెయిల్‌కు పంపండి" అని ఆవిడ రాసి సంతకమో వేలిముద్రో వేసి, ఇద్దరి గుర్తింపు కార్డుల జిరాక్స్ జతచేస్తే చాలు. చనిపోయినవారి రికార్డైతే వారసులు అడగవచ్చు, డెత్ సర్టిఫికెట్, బంధుత్వం చూపే కాగితం పెట్టాలి.

ఇంకో మాట. మొదటి రోజే కోర్టు, కేసు అని మాట్లాడకండి. ఆస్పత్రులు కేస్ షీట్ ఇవ్వడానికి వెనకాడేది చాలావరకు ఆ భయంతోనే. "కేసు వేస్తారేమో" అనిపించగానే ఫైలు ఎంఆర్‌డీ నుంచి లీగల్ వాళ్ల దగ్గరికి వెళ్తుంది, అక్కడ నెల రోజులు కూర్చుంటుంది. "వేరే డాక్టరు అడిగారు" అనో, "ఇన్సూరెన్స్ వాళ్లు ఇండోర్ కేస్ పేపర్లు అడిగారు" అనో ఉన్న కారణం ఉన్నట్టు చెప్పండి. మెత్తగా అడగండి, కానీ రాతలో అడగండి.

అయినా ఇవ్వకపోతే? ప్రైవేటు ఆస్పత్రి కాబట్టి రెండు దారులు. డాక్టరు మీద రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు, ముద్ర వేసిన ఆ లెటరే సాక్ష్యం. రెండోది జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సంబంధిత సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా సేవా లోపమే. రెండేళ్లలోపు వెళ్లాలి. ప్రభుత్వ ఆస్పత్రిలో జరిగి ఉంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు, గడువు 30 రోజులు. ప్రాణానికి సంబంధించిన విషయమైతే 48 గంటలు.

కొన్ని మినహాయింపులు కూడా తెలిసి ఉండాలి. ఒరిజినల్ కేస్ షీట్ మీకు ఇవ్వరు, అది ఆస్పత్రిలోనే ఉండాలి, మీకు వచ్చేది కాపీ. యాక్సిడెంట్ లాంటి మెడికో లీగల్ కేసుల్లో ఒరిజినల్ పోలీసులకో కోర్టుకో వెళ్లి ఉండవచ్చు. మానసిక చికిత్స రికార్డుల్లో, రోగికి తీవ్రమైన మానసిక హాని గానీ ఇతరులకు హాని గానీ కలుగుతుందనుకున్న భాగాన్ని ఆపే వీలు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇస్తుంది. అలా ఆపితే ఆ సంగతి చెప్పి, సమీక్ష బోర్డుకు వెళ్లవచ్చని కూడా చెప్పాలి. క్యాన్సర్ కేసుల్లో రిపోర్టు ఒక్కటే చాలదు, బయాప్సీ బ్లాకులు, స్లైడ్లు (తీసిన ముక్కను దాచిన మైనపు దిమ్మలు, గాజు పలకలు) కూడా అడిగి తీసుకోవాలి. వాటికి సాఫ్ట్ కాపీ బదులు కాదు.

ఆభా నంబరు ఉంటే అన్నీ ఫోన్‌లోనే వచ్చేస్తాయా అని ఈమధ్య తరచూ వింటున్నాను. 2021 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో ఇచ్చే 14 అంకెల నంబరు అది. రికార్డులు ఏదో ఒక కేంద్ర గోదాములో ఉండవు. ఏ ఆస్పత్రివి ఆ ఆస్పత్రిలోనే ఉండి, మీ నంబరుకు లింకు అవుతాయి, మీరు ఒప్పుకుంటేనే ఇంకో డాక్టరుకు కనపడతాయి. కార్డు తీసుకున్నంత మాత్రాన ఏమీ రాదు. ఆస్పత్రి ఆ వ్యవస్థలో చేరి ఉండాలి, రిజిస్ట్రేషన్‌లో మీరు నంబరు ఇచ్చి ఉండాలి, వాళ్లు రికార్డు లింకు చేయాలి. అమ్మగారికి ఒకటి తీసి ఉంచండి, ఇకముందు చేసే పరీక్షలకు పనికొస్తుంది. నాలుగు నెలల కిందటి ఆపరేషన్ కాగితాలు దాంట్లోకి వాటంతట అవి వస్తాయని మాత్రం చూస్తూ కూర్చోకండి.

మీరైతే రేపే వెళ్లి, ముందు క్యాత్ ల్యాబ్‌లో యాంజియోగ్రామ్ సంగతి కనుక్కోండి, ఆలస్యమయ్యేకొద్దీ దొరకడం కష్టమయ్యేది అదొక్కటే. లెటర్ అదే రోజు ఎంఆర్‌డీలో ఇవ్వండి. కాపీలు ఇచ్చేటప్పుడు కౌంటరు దగ్గరే నిలబడి పేజీలు లెక్కపెట్టుకోండి. ఐసీయూ చార్టులు పెద్ద సైజు కాగితాలు, రెండు పక్కలా రాసి ఉంటాయి. జిరాక్స్ తీసేవాళ్లు వెనక పేజీ వదిలేస్తుంటారు, తిరగేసి చూసుకోండి.